టిక్కు లేని డైనమో

మా బావ లైనస్ ఫోర్ట్‌క్యాంప్ షెడ్డులో నాకంటూ ఒక బోర్లించిన బకెట్టు ఉంది. స్కూలు బస్సు నడపడం మానేసిన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్లుగా, పొద్దున్న ఎనిమిదింటికల్లా వెళ్లి దాని మీద కూర్చుంటాను. ఆయన పని చేస్తాడు, నేను మాట్లాడతాను. ఎవరి పని వాళ్లు శ్రద్ధగా చేసుకుపోతుంటాం. మా అక్క అల్వీనా రోజుకు రెండుసార్లు తలుపు తీసి, "ఒరేయ్ ఓత్మార్, చెవిలో జోరీగలా ఏమిట్రా ఆ గోల! ఆయన్ని కాస్త పని చేసుకోనివ్వరా" అని తిట్టి, కాఫీ ఇచ్చి పోతుంది. నేను వినను. విని ఉంటే ఇదంతా కూర్చుని రాయాల్సిన అవసరం నాకు వచ్చేది కాదు.

బావకు డెబ్భై ఆరేళ్లు. ఒకప్పుడు నాకన్నా జానెడు పొడుగు. ఇంజన్ల మీదకు వంగీ వంగీ ఇప్పుడు నా ఎత్తుకు దిగాడు. ఎనిమిదిమంది పిల్లలున్న పాడి ఇంట్లో ఐదోవాడు. చీకటితో లేచి పాలు పితకడం, స్కూలుకు పోవడం, వచ్చి మళ్లీ పాలు పితకడం. "ఆవుకు ఆదివారం అక్కర్లేదు, నాకు కావాలి" అని పద్దెనిమిదో ఏట ఇంట్లో చెప్పేసి ఫ్యాక్టరీలో చేరాడు. ఆ ఆదివారాలు ఆయనకు నిజంగా ఎన్ని దొరికాయో నాకైతే తెలియదు. నేను చూసినంత వరకు పూజ నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చేవాడు.

ఆ ఫ్యాక్టరీ మా సెయింట్ లియోబా ఊరి చివర, రైలు పట్టాల అవతల ఉండేది. తోట ట్రాక్టర్లు తయారుచేసేవారు. పొలాలు దున్నే పెద్దవి కావు. ఇంటి చుట్టూ గడ్డి కొయ్యడానికి, కూరగాయల మడి దున్నడానికి, చలికాలం బాటలో మంచు తొయ్యడానికి పనికొచ్చే చిన్నవి. ఒక్క సిలిండరు, ఇనుప సీటు, ఎర్ర రంగు. ఓహాయోలో ఈ పడమటి అంచున ఏ ఇంటి వెనక చూసినా ఒకటి ఉంటుంది. మేం వాటిని ఎర్రవి అంటాం, అంతే. కంపెనీ పేరు పలికేవాడు పై ఊరి మనిషని వెంటనే తెలిసిపోతుంది.

బావ పంతొమ్మిదేళ్లు అక్కడ డైనమోలు బిగించాడు. ఎర్రవాటిలో డైనమోది వింత ఉద్యోగం. ఒకే డబ్బా రెండు పనులు చేస్తుంది. ముందు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుని ఇంజన్ను తిప్పి లేపుతుంది. ఇంజన్ లేచాక ఆ బాకీ తీరుస్తున్నట్టు బ్యాటరీని నింపుతుంది. దాన్ని విప్పి మళ్లీ బిగించినప్పుడల్లా ఒక చిన్న తీగముక్కతో రెండు మరలను ఒక్క క్షణం తాకించాలి. చిటుక్కున నిప్పురవ్వ లేస్తుంది. కరెంటు ఏ వైపు పంపాలో దానికి అప్పుడు గుర్తొస్తుంది. తాకించకపోయినా ఇంజన్ లేస్తుంది, తిరుగుతుంది, అంతా బాగానే ఉన్నట్టుంటుంది. బ్యాటరీ మాత్రం నిండదు. వారమో పది రోజులో గడిచాక ఎక్కడో ఒకచోట బండి చచ్చి ఊరుకుంటుంది.

అందుకని ఫ్యాక్టరీలో ఒక పద్ధతి పెట్టారు. బానెట్ లోపలివైపు పెన్సిలుతో తేదీ, చేసిన పని, చేసినవాడి పేరులో రెండు పొడి అక్షరాలు రాయాలి. రవ్వ లేచాక దాని పక్కన టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టాకే బానెట్ దించాలి. ఫ్యాక్టరీ పోయింది గానీ ఆ పద్ధతి బావ చేతిలోంచి పోలేదు. మా ఇళ్లలో బైబిలు మొదటి పేజీలో పుట్టినవాళ్లవీ పోయినవాళ్లవీ పేర్లు రాసుకుంటాం. మా ఊరి ఎర్రవాటి బానెట్లు ఎత్తితే లోపల అలాగే వరసలు వరసలుగా బావ రాత కనిపిస్తుంది. ప్రతి వరస చివరా ఒక టిక్కు ఉంటుంది.

ఎనభై నాలుగులో ఒక గురువారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. అందరూ ఆఖరి జీతం కవరు పట్టుకుని ఇంటికెళ్తే, బావ తన ట్రక్కు తెచ్చి, చెత్తలో పారబోస్తున్న పళ్లచక్రాలు, బెల్టులు, డైనమో బ్రష్‌లు మూడు విడతలుగా మోసుకొచ్చాడు. అక్క గుమ్మంలో నిలబడి, "ఉద్యోగం పోయిందని ఏడవనా, ఇల్లంతా ఇనుము నింపావని ఏడవనా?" అంది. రెండింటికీ కలిపి ఏడ్చింది. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు పగలంతా గుడ్ల ఫారంలో మెషిన్లకు మరమ్మతు, సాయంత్రం నుంచి ఎర్రవాటికి మరమ్మతు. ఫారం నుంచి రిటైరయ్యాడు. షెడ్డు నుంచి రిటైరవడం ఎలాగో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అలసిపోయాడు. దీన్ని చుట్టుతిప్పి చెప్పడం నాకు చేతకాదు. మోకాళ్లు వంగవు. వేళ్లకొసలు చలికాలం మొద్దుబారతాయి. కింద పడ్డ వాషర్‌ను తీయడానికి అయస్కాంతం కట్టిన కర్ర పెట్టుకున్నాడు. ఈ కాలపు పెట్రోలు నాలుగు నెలలు నిలవుంటే కార్బురేటర్లో జిగురు కడుతుంది. కడిగిందే కడగడం, పోసిందే పోయడం. దానికి తోడు పాతవాటిని సరదాకు పోగుచేసే వీరులు కొత్తగా బయల్దేరారు. కొట్టంలోంచి తీసిన తుప్పుబండికి అద్దంలా మెరిసే రంగు కొట్టించి, ఇంజన్ మాత్రం తిరగట్లేదని తీసుకొస్తారు. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ట్రాక్టరా, పెళ్లికూతురా?" అంటాడు. "ఇల్లలకగానే పండగైపోదు బాబూ" అని నేను అందుకుంటాను. వాళ్లు నవ్వుతారు. బావ నవ్వడు, పానా తీసుకుంటాడు.

ఆయనకు ఇంకో పట్టు కూడా ఉంది. తప్పెక్కడుందో తెలియకుండా బండి ఇవ్వడు. ఒకసారి మా గుడి ఫాదర్‌గారి ఎర్రది మూడు రోజులు కదలకుండా పడుండి, నాలుగో రోజు షెడ్డులోకి తోసుకురాగానే తనంతట తనే లేచి కూర్చుంది. ఫాదర్ చేతులు జోడించి, "చూశావా లైనస్, ఇది దేవుడి దయ" అన్నాడు.

"మీరు నమ్మండి ఫాదర్. నమ్మడం మీ పని. నేను విప్పి చూస్తాను" అన్నాడు బావ.

రెండు రోజులు వెతికితే ఎలుక కొరికిన తీగ ఒకటి దొరికింది. కారణం దొరకని రిపేరు రిపేరు కాదు, అదృష్టం అంటాడు బావ. అదృష్టానికి టిక్కు పెట్టడట.

ఇక ఆ శుక్రవారం సంగతికి వస్తాను.

రొజెల్లా హోమన్ ఊరికి మూడు మైళ్ల అవతల ఉంటుంది. బావా, ఆవిడా ఒకే తరగతిలో చదువుకున్నారు. ఆవిడ భర్త క్లీటస్‌కు మూత్రపిండాలు పాడైతే వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించడానికి పక్క ఊరి కేంద్రానికి తీసుకెళ్లాలి. వాళ్ల ఇంటి నుంచి రోడ్డుకు ఫుట్‌బాల్ మైదానాలు రెండు పట్టేంత పొడుగు బాట. మంచు పడితే ఆ బాట ఊడ్చేది రొజెల్లానే, డెబ్భై ఆరేళ్ల వయసులో, వాళ్ల మామగారు కొన్న ఎర్రదాని మీద కూర్చుని. ఆ బండి డైనమోలో బ్రష్‌లు అరిగిపోయి ఫిబ్రవరి చివర్లో షెడ్డుకు వచ్చింది.

అది ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలంలో మొదటి శుక్రవారం. ఆ కాలంలో శుక్రవారాలు మేం మాంసం ముట్టం. ఫైర్ స్టేషన్ హాల్లో ఊరంతా చేరి వేయించిన చేపలు తింటుంది. ఆరుంపావు దాటిందంటే చేపలు ఉండవు, క్యాబేజీ తురుము మిగులుతుంది. నేను ఐదున్నరకే కోటు వేసుకుని షెడ్డులో నిలబడ్డాను. బావ డైనమో బిగించాడు, బెల్టు సరిచూశాడు, బానెట్ లోపల వరస రాశాడు.

"బావా, చేపలు అయిపోతున్నాయి" అన్నాను.

"ఉండరా. ఇంకొక్కటి."

"నీ ఒక్కటి సంగతి నాకు తెలీదా? నీ ఒక్కటి అయ్యేసరికి ఈస్టరొస్తుంది. పోయినేడు ఇలాగే క్యాబేజీ తిని వచ్చాం. గొడ్లం కాదు బావా మనం."

"గొడ్డువి కాకపోతే అంత అరవక్కర్లేదు" అన్నాడు.

అలా రెండు నిమిషాలు వాయించాను. కడుపులో ఆకలి, నోట్లో దురద, రెండూ ఉన్నాయి నాకు. ఆయన విసుగ్గా చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి మూలనున్న తొట్టి దగ్గరకు వెళ్లాడు. ఆయన వచ్చేలోపు నేను లైటు తీశాను, స్టవ్ తగ్గించాను, బానెట్ దించాను. ఆరింటికి హాల్లో ఉన్నాం. చేపలు దొరికాయి. గొప్పగా ఉన్నాయి కూడా. రెండుసార్లు పెట్టించుకున్నాను.

మర్నాడు పొద్దున బావ ఎర్రదాన్ని లేపి, ఇంజన్ చప్పుడు చెవొగ్గి విని, రొజెల్లా ఇంటికి చేర్పించాడు.

మార్చి రెండోవారంలో, చలికాలం పోయిందని అందరం కోట్లు మడత పెట్టాక, అడుగు మందాన మంచు పడింది. రొజెల్లా అంతకుముందు రెండు చిన్న మంచులకు బండి తీసింది, బానే నడిచింది. ఈసారి బాట మధ్యకు వెళ్లేసరికి ఇంజన్ ఆగిపోయింది. ముందు మంచుపార, చక్రాలకు గొలుసులు, వెనక బరువులు, ఆవిడ తొయ్యలేదు. కారు దాటిపోవడానికి పక్కన చోటు లేదు. ఎవరో పెద్ద ట్రాక్టరుతో వచ్చి లాగేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ కేంద్రంలో క్లీటస్ వంతు పోయింది. మర్నాటికి ఆయనకు ఒళ్లు వాచి ఊపిరాడక, నాలుగు రోజులు ఆస్పత్రిలో పెట్టారు. బతికి బయటపడ్డాడు.

ఇంటికొచ్చాక క్లీటస్ అన్న మాట ఊరంతా పాకింది. "కీ ఆన్‌లో వదిలేసింది మా ఆవిడ. రాత్రంతా బ్యాటరీ కారిపోయింది." ఎర్రవాటితో అందరూ చేసే తప్పే అది. నేను గుడి మెట్ల మీద విన్నాను. విని ఊరుకున్నానా? మంగలి దగ్గర చెప్పాను, బేకరీలో చెప్పాను. "పాపం, రొజెల్లక్కకు మతిమరుపు వస్తోంది. వాళ్లమ్మకూ ఇలాగే మొదలైంది కదా" అని చివర్న ఒక తోక కూడా తగిలించాను. మంచి మనసుతో చెప్తున్నాననే అనుకున్నాను అప్పుడు.

ఈస్టరయిన మంగళవారం రొజెల్లా వచ్చింది. పక్కింటివాళ్ల ట్రైలరు మీద ఎర్రది, చేతిలో చెర్రీ పై. బండి దించి వాళ్లు వెళ్లిపోయారు, ఆవిడను తన కార్లో ఇంటికి దింపుతానని అక్క అంది. నేను బకెట్టు ఇవ్వబోతే వద్దంది. నిలబడే మాట్లాడింది.

"లైనస్, దీన్ని నువ్వే ఉంచుకో. లేదా ఎవరికైనా అమ్మిపెట్టు."

బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఎందుకూ?" అన్నాడు.

"ఎందుకంటావేంటి? ఊరంతా తెలుసుగా. కీ తీశానో లేదో నాకు గుర్తులేదు. తీశాననే అనిపిస్తుంది. తీశానని ఒట్టేసి చెప్పేదాన్నే. కానీ బ్యాటరీ అబద్ధం ఆడదు కదా? కొత్త బ్యాటరీ వేయించాను. అదీ పోయింది. అంటే మళ్లీ మర్చిపోయాననేగా? స్టవ్ మీద చీటీ అంటించా, తలుపుకు చీటీ అంటించా, మాత్రల డబ్బాకు చీటీ అంటించా. మా అమ్మ చివర్లో నన్ను గుర్తుపట్టలేదు లైనస్. నీకు తెలుసు, నువ్వు చూశావు. క్లీటస్‌ను కార్లో తీసుకెళ్లాలంటే భయమేస్తోంది. దార్లో ఏం మర్చిపోయి ఏం చేస్తానో అని."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చే ఓపిక అయిపోయినవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడింది. నాకు బేకరీ గుర్తొచ్చి చూపులు కాఫీ కప్పులోకి దించుకున్నాను.

బావ బానెట్ ఎత్తాడు. లోపలి వరసల మీద వేలు పెట్టి కిందికి చూసుకుంటూ వచ్చాడు. ఆయన భుజం మీదుగా నేనూ చూశాను. ఫిబ్రవరి వరస ఉంది. తేదీ ఉంది. డైనమో, బ్రష్‌లు అని ఉంది. ఎల్. ఎఫ్. అని ఉంది. దాని పైన ముప్పై వరసలున్నాయి, ముప్పైకీ టిక్కులున్నాయి. దీనికి లేదు.

నాకు తెలిసిపోయింది. చేతిలో ఉన్నది బల్ల మీద పెట్టాడన్నాను కదా. అది తీగముక్క. రవ్వకు ఒక్క క్షణం ముందు నేను ఆయన్ని చేపలకు లాక్కుపోయాను. పైగా టిక్కు పడితేనే దించాల్సిన బానెట్‌ను నా చేత్తో దించాను. పొద్దున ఆయన వచ్చి చూసేసరికి బానెట్ మూసి ఉంది. ఆయన లెక్కలో మూసి ఉంటే పని అయిపోయినట్టే. ఇదంతా నా తలలో ఒక్కసారిగా పేర్చినట్టు కనపడింది. నోరు తెరవాలి. జీవితంలో ఎప్పుడూ మూయని నోరు నాకు అప్పుడే మూతపడింది.

"రొజెల్లా, నువ్వు కీ తీశావు" అన్నాడు బావ.

"నీకెలా తెలుసు?"

"ఇదిగో చూడు. ఇక్కడ టిక్కు ఉండాలి. లేదు. డైనమోకు రవ్వ చూపించడం నేను మర్చిపోయాను. అది బ్యాటరీని నింపలేదు. నువ్వు కీ తీసినా తియ్యకపోయినా అది చచ్చేదే. కొత్త బ్యాటరీ పోయిందీ అందుకే. నీ తప్పు ఇందులో పిసరంత లేదు. క్లీటస్ ఆస్పత్రిలో పడింది నా వల్ల."

రొజెల్లా ఆయన వంకా బానెట్ వంకా మార్చి మార్చి చూసింది. "నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?"

"నేనెప్పుడైనా ఎవర్నైనా ఊరుకోబెట్టానా?"

అది నిజమే. ఆవిడకూ తెలుసు. బావ తీగముక్క తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. "ఇక్కడొక మర, ఇక్కడొక మర. ఇలా తాకించి తీసెయ్. భయపడకు, కాటేసేదేం కాదు." బావ బ్యాటరీ నింపి తెచ్చాక ఆవిడే వంగి తాకించింది. చిటుక్కుమంది. ఇంజన్ లేపితే కరెంటు మీటరు అద్దం వెనకనున్న చిన్న ముల్లు నిండే వైపుకు వాలింది. చూపించాడు. ఆ ముల్లు వంక చూస్తూ రొజెల్లా గట్టిగా నవ్వేసింది. స్కూలు రోజుల్లో ఇలాగే నవ్వేదేమో, నాకు తెలియదు. "అయితే నాకు పిచ్చెక్కలేదన్నమాట" అంది. "క్లీటస్‌తో ఈ రాత్రి నాకు చాలా పనుంది." నెల్లాళ్లుగా ఆయనన్న మాటలన్నీ వడ్డీతో తిరిగివ్వాలట.

వెళ్లే ముందు బావ చెయ్యి పట్టుకుని, "మనిషన్నాక మర్చిపోతాడు లైనస్. ముప్పైలో ఒకటి" అంది. ఆవిడ ఊరడింపుగానే అంది. బావ తల ఊపాడు. శనివారం ట్రైలరు తెచ్చి బండి తీసుకెళ్తామని చెప్పి అక్క కారెక్కింది.

ఆవిడ పోయాక బావ పెన్సిలు తీసి, ఫిబ్రవరి వరస కింద కొత్త వరస రాశాడు. రవ్వ మర్చిపోయాను, ఈ రోజు చూపించాను, ఎల్. ఎఫ్. అని రాశాడు. పెన్సిలును చెవి మీద పెట్టుకున్నాడు. బానెట్ దించలేదు.

"టిక్కు?" అన్నాను.

"ఎందుకు మర్చిపోయానో తెలీకుండా టిక్కెలా పెడతాన్రా? డైనమో మరమ్మతు అయింది. మర్చిపోయినవాడి సంగతేంటి?" అని స్టూలు మీద కూర్చున్నాడు. "ఆ రోజు చేపలకెళ్లడం గుర్తుంది. పొద్దున బండి పంపడం గుర్తుంది. మధ్యలోది ఎంత వెతికినా దొరకట్లేదు. యాభై ఏడేళ్లలో ఇది ఒక్కసారీ మర్చిపోలేదు నేను. రొజెల్లా తలలో లేనిది నా తలలో ఉందన్నమాట."

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. కాఫీ చల్లారిందని ఏదో గొణిగి ఇంటికొచ్చేశాను.

బుధవారం వెళ్లేసరికి షెడ్డు తలుపు మీద 'ఎర్రవి బాగుచేస్తాం' అన్న రేకు బోర్డు లేదు. నాలుగు మేకుల కన్నాలున్నాయి. లోపల బావ తన పరికరాలన్నీ బల్ల మీద పరిచి, ఒక్కోటి తుడిచి పెట్టెలో పెడుతున్నాడు. గురువారం ఒకతను బండి తీసుకొస్తే, "ఇక చెయ్యట్లేదు బాబూ" అని పంపేశాడు. ఆ మనిషి నలభై మైళ్ల నుంచి వచ్చాడు. అక్క నన్ను వాకిట్లో ఆపి, "ఏమైందిరా ఆయనకి? అన్నం ముందు కూర్చుని పన్నెండో ఎక్కం చదువుకుంటున్నారు. గుర్తుందో లేదో చూసుకుంటున్నారట" అంది.

"అలసిపోయాడక్కా" అన్నాను.

"అలసట నాకు తెలీదా? యాభై ఏళ్లుగా చూస్తున్నా. ఇది అలసట కాదు. నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు?" అని నా కారు దగ్గరకు పోయాను. కారెక్కి స్టీరింగు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అరవై ఎనిమిదేళ్లు నాకు. బస్సు నడిపిన ముప్పైయేళ్లలో వెనక సీటు చింపిందెవర్రా అని ఎన్ని వందలసార్లు అడిగి ఉంటాను! ఒక్కడూ చెయ్యి ఎత్తేవాడు కాదు. పిరికి వెధవల్లారా అని తిట్టేవాణ్ణి. ఆ తిట్టు ఇన్నాళ్లకు ఇంటికి చేరింది.

శనివారం పొద్దున్న ఏడింటికే వెళ్లాను. ట్రైలరు ఇంకా రాలేదు. ఎర్రది షెడ్డు మధ్యలో బానెట్ తెరిచే ఉంది. బావ దాని పక్కన స్టూలు మీద కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉన్నాడు. ఏమీ చెయ్యకుండా ఉన్న లైనస్ ఫోర్ట్‌క్యాంప్‌ను నేను అంతకుముందు చూడలేదు. పెళ్లిలో కూడా ఏదో ఒకటి బిగిస్తూనే ఉన్నాడు.

నేను బకెట్టు దగ్గరకు పోలేదు. తిన్నగా వెళ్లి ఆయన చెవి మీది పెన్సిలు తీసుకున్నాను. బానెట్ కింద తల పెట్టి, ఆయన వరస కింద నా వరస రాశాను. నా చెయ్యి ఆయనంత కుదురుగా ఉండదు. టిక్కు పడకముందే బానెట్ దించింది నేను, చేపల కోసం, అని రాసి కింద నా రెండు పొడి అక్షరాలు వేశాను.

బావ కళ్లజోడు సర్దుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"ఎప్పుడు?"

"నువ్వు చేతులు కడుక్కుంటున్నప్పుడు. తీగ నీ చేతిలోనే ఉంది బావా. నేను వాయిస్తుంటే బల్ల మీద పెట్టేశావు. నువ్వు మర్చిపోలేదు. నేను మరిపించాను."

ఆయన బల్ల వంక చూశాడు. తొట్టి వంక చూశాడు. అక్కణ్ణుంచి బండి వంక చూశాడు. ఆ సాయంత్రం మళ్లీ ఒకసారి ఆయన కళ్ల ముందు జరుగుతోందని నాకు అర్థమైంది.

"లైటు కూడా నువ్వే తీశావు" అన్నాడు మెల్లిగా.

"అవును, నేనే తీశాను."

"మంగళవారం ఇక్కడే ఉన్నావుగా. ఎందుకు చెప్పలేదురా?"

"సిగ్గేసింది బావా."

ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. చెయ్యి చాచాడు. పెన్సిలు ఇచ్చాను. స్టూలు మీద నుంచి లేవడానికి ఆయనకు ఈ మధ్య రెండు ప్రయత్నాలు పడుతుంది. లేచాడు. బానెట్ కిందకు వంగి, నేను రాసిన వరస చివర, మెల్లిగా, గట్టిగా ఒత్తి, ఒక టిక్కు పెట్టాడు. బానెట్ దించాడు.

తర్వాత గడ్డంతో బకెట్టు వైపు చూపించాడు.

"కూర్చో. మాట్లాడకు."

కూర్చున్నాను. ట్రైలరు వచ్చేదాకా నేను ఒక్క మాటా మాట్లాడలేదు. అక్క కాఫీ తెచ్చి, నన్ను చూసి, ఒంట్లో బాగోలేదా అని నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.